మెడ ధమనుల మెలికలు, రక్తపోటు: కోడుమూరు సభ తీర్మానం

కోడుమూరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ బీపీకి, షుగరుకు మందులు వాడుతున్నవాళ్లు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు, వాళ్లను సాకుతున్న ఇంటివాళ్లు, ఆశా కార్యకర్తలు, మందుల షాపులు, సెలూన్లు నడిపేవాళ్లు, మగ్గం మీద బతికేవాళ్లు, సుగ్గికి, అంటే కోతల కాలంలో పరాయి ఊళ్లకు వలస, పోయే కూలీలు ఒకచోట కూడి, డాక్టర్లు చెప్పింది విని, తమలో తాము చర్చించుకుని ఆమోదించిన తీర్మానం ఇది.

సభ కూడడానికి కారణం

తల తిరుగుతోందనో, మెడ పట్టేసిందనో, చెవిలో హోరు వినిపిస్తోందనో కర్నూలుకు పోయిన మన పెద్దవాళ్ల చేతికి ఈ మధ్య డాప్లర్ స్కాన్ రిపోర్టులు వస్తున్నాయి. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితంలో ఒక వాక్యం ఉంటుంది: కుడి ఇంటర్నల్ కెరోటిడ్ ఆర్టరీ టార్చువస్‌గా ఉంది. అంటే మెదడుకు రక్తం తీసుకుపోయే మెడలోని ధమని నిటారుగా లేదు, మెలిక తిరిగి ఉంది. చాలా రిపోర్టుల్లో ఆ కిందనే, నాళం చెప్పుకోదగ్గంతగా సన్నబడలేదని కూడా రాసి ఉంటుంది. ఆ రెండో వాక్యాన్ని ఎవరూ చదివి వినిపించరు. మొదటిది మాత్రం ఇల్లు చేరేసరికి “మెడలో నరం మెలిపడింది, ఎప్పుడు తెగుతుందో తెలీదు” అయిపోతుంది. ఆ భయంతో గొర్రెలమ్ముకుని పెద్ద ఊళ్లకు పోయి మళ్లీ స్కాన్లు తీయించుకున్నవాళ్లున్నారు. మెడ తోమించుకున్నవాళ్లున్నారు. బిందె ఎత్తడం, చేనికి పోవడం మానేసి, వేసుకోవాల్సిన బీపీ మాత్ర మాత్రం వేసుకోనివాళ్లున్నారు.

ఈ చివరి సంగతే ఈ సభను కూర్చోబెట్టింది. మెలికను చూసి భయపడుతున్న మనిషి దాని పక్కనే ఉన్న రక్తపోటును పట్టించుకోవడం లేదు. పక్షవాతం వచ్చేది ఎక్కువగా ఆ రక్తపోటు వల్లే.

సభ తెలుసుకున్న సంగతులు

మెదడుకు రక్తం చేరే దారులు నాలుగు. మెడలో ముందుపక్క రెండు కెరోటిడ్ ధమనులు, వెనక మెడపూసల్లోని రంధ్రాల గుండా పైకి పోయే రెండు వెర్టిబ్రల్ ధమనులు. ఒంటి బరువులో మెదడు 2 శాతమే అయినా గుండె పంపే రక్తంలో దాదాపు 15 శాతం దానికే కావాలి. కెరోటిడ్ ధమని కంఠమణి పైఅంచు ఎత్తుకు వచ్చాక రెండుగా చీలుతుంది. ఒక పాయ ముఖానికి, మెడ కండరాలకు పోతుంది. రెండోది ఇంటర్నల్ కెరోటిడ్. అది మెడలో ఒక్క కొమ్మ కూడా వేయకుండా పుర్రె అడుగున ఉన్న ఎముక సొరంగంలోకి దూరుతుంది. పైన దాన్ని ఎముక పట్టి ఉంచుతుంది, కింద ఛాతీలో మహాధమని పట్టి ఉంచుతుంది. అటూ ఇటూ కదలడానికి చోటున్నది మెడ భాగంలోనే.

ఈ నాళాల గోడల్లో ఎలాస్టిన్ అనే సాగే పీచు ఉంటుంది. తల్లి కడుపులోనూ చిన్నతనంలోనూ తయారైన ఎలాస్టిన్‌తోనే మనిషి చివరిదాకా నెట్టుకురావాలి. పెద్దయ్యాక కొత్తది దాదాపు పుట్టదు. గుండె రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. కొట్టిన ప్రతిసారీ నాళం అడ్డంగా ఉబ్బుతుంది, నిలువుగా కూడా కాస్త సాగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పీచులు తెగి, వాటి చోట కొల్లాజెన్ అనే బిరుసైన పీచు చేరుతుంది. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లలో ఈ అరుగుదల తొందరగా జరుగుతుంది. సాగిన నాళం మళ్లీ కురచ కాదు. పైగా వయసుతో వెన్నుపూసలు కుంగి మెడ పొడవు తగ్గుతుంది. రెండు చివరలూ కదలవు, మధ్యలో పొడవు పెరిగింది, ఇక వంగక తప్పదు. టమాటా తోటలో రెండు చివరలా బిగించిన డ్రిప్ పైపు ఎండాకాలం మధ్యాహ్నానికి సాగి వంకర్లు తిరగడం మన రైతులందరూ చూసిందే. పొద్దుగూకి చల్లబడితే పైపు సర్దుకుంటుంది, ధమని సర్దుకోదు.

బతికున్న మనిషి మెడలో ఈ వంపులు కంటికి కనబడడం మొదలై వందేళ్లే అవుతోంది. 1927లో లిస్బన్‌లో ఎగస్ మోనిజ్ అనే డాక్టరు కెరోటిడ్ ధమనిలోకి మందు ఎక్కించి మెదడు రక్తనాళాలను ఎక్స్‌రేలో చూపించాడు. 1965లో అమెరికాలో వైబెల్, ఫీల్డ్స్ అనే ఇద్దరు వీటిని మూడు రకాలుగా విడదీశారు. ఎస్ ఆకారంలోనో సి ఆకారంలోనో వంపు తిరిగినది ఒకటి, చుట్ట చుట్టుకున్నది ఒకటి, పదునైన కోణంలో మడత పడినది ఒకటి. ఇప్పటికీ రిపోర్టుల్లో ఈ విభజనే వాడుతున్నారు. చుట్టలు చాలామందికి పుట్టుకతో వచ్చినవే. గర్భంలో పిండానికి ఈ ధమని మొదట వంగే ఉంటుంది, గుండె ఛాతీలోకి దిగేకొద్దీ నిటారవుతుంది. ఆ పని పూర్తిగా జరగని వాళ్లలో వంపు మిగిలిపోతుంది. అందుకే ఏ జబ్బూ లేని చిన్నపిల్లల్లో కూడా ఒక్కోసారి చుట్ట కనబడుతుంది.

స్కాన్లు తీసి చూసిన అధ్యయనాల్లో పదిమందిలో ఒకరి నుంచి నలుగురి దాకా ఏదో ఒక రకం వంపు కనిపించింది. ఇంత మందిలో ఉన్నదాన్ని ప్రాణం తీసే జబ్బుగా చూడడం సరికాదని సభ అభిప్రాయపడింది.

ఇక దేనితో దీనికి సంబంధం? వయసుతో సంబంధం అన్నిచోట్లా కనబడింది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. రక్తపోటుతో సంబంధం కూడా అధ్యయనం తర్వాత అధ్యయనంలో బయటపడింది. ఒళ్లు బరువుతోనూ కొన్నిచోట్ల కనబడింది. షుగరు, కొలెస్టరాల్, పొగతాగడం విషయంలో మాత్రం ఒకచోట ఉందంటే మరోచోట లేదన్నారు. దీన్ని తప్పుగా అర్థం చేసుకోవద్దని సభ గట్టిగా చెబుతోంది. పొగ, షుగరు, కొలెస్టరాల్ మెలికను తేకపోవచ్చు, కానీ అవే నాళాల లోపల కొవ్వు పేరుకునేలా చేసి దారి సన్నం చేస్తాయి. ఆ కొవ్వు గడ్డ పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి, ఆ ముక్క మెదడులోకి పోతే పక్షవాతం. మెలిక చాలావరకు వయసుకూ రక్తపోటుకూ గుర్తు. ప్రమాదం కొవ్వులో, గడ్డలో, అదుపు లేని బీపీలో ఉంది.

మన పల్లెల్లో తరచుగా ఎదురయ్యే ఒక సంగతిని సభ కాస్త ఎక్కువసేపే చర్చించింది. అరవై దాటిన అవ్వకో జేజికో మెడకు కుడిపక్క, మెడ ఎముకకు కొంచెం పైన, నిమ్మకాయంత ఉబ్బు కనబడుతుంది. వేలు పెడితే నాడిలా కొట్టుకుంటూ ఉంటుంది. నొప్పి ఉండదు. ఇంట్లోవాళ్లు గడ్డ అనుకుంటారు, క్యాన్సరేమోనని ఏడుస్తారు. ఎవరో ఆముదం రాసి రుద్దమంటారు, ఇంకెవరో సూది గుచ్చి పరీక్ష చేయించమంటారు. చాలాసార్లు అది గడ్డ కాదు. ఎన్నో ఏళ్లు బీపీ అదుపులో లేక, సాగి వంగి చర్మం కిందికి వచ్చిన ధమని. వయసు మీరిన, బీపీ ఉన్న ఆడవాళ్లలోనే ఇది ఎక్కువని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. అలాంటి ఉబ్బును రుద్దకూడదు, గుచ్చకూడదు. డాప్లర్ స్కాన్ తీస్తే తేలిపోతుంది. స్కాన్ నిజంగా పనికొచ్చే సందర్భం ఇది.

మన రాష్ట్రపు లెక్కలను కూడా సభ ముందు పెట్టారు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య పరిశోధన కింద 2004 వరకు ఒక ఏడాదిపాటు ప్రతి చావుకూ కారణం వెతికారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే జరిగినవని తేలింది. గోదావరి డెల్టా వేరు, మన మెట్ట వేరు అనొచ్చు. కానీ అవీ పల్లెలే, ఆ మనుషులూ పొలం పనులవాళ్లే. ఇది పట్నంవాళ్ల జబ్బు అన్న మాట ఇక మనమెవరం అనకూడదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 20 ఏళ్లు దాటినవాళ్లలో 35.5 శాతం మందికి బీపీ, 11.4 శాతం మందికి షుగరు ఉన్నాయి.

తీర్మానాలు

పైవాటిని దృష్టిలో పెట్టుకుని, మెడ ధమనిలో మెలిక ఉందని స్కానులో రావడం దానంతటదే జబ్బు కాదని, ఏ లక్షణమూ లేనివాళ్లకు దాన్ని సరిచేసే ఆపరేషన్ అక్కర్లేదని, అయితే అది బీపీ చూపించుకోమని గుర్తుచేసే సంకేతమని ఈ సభ ప్రకటిస్తోంది. ఇందులో ఒక మినహాయింపు ఉంది, దాన్ని దాచకూడదు. పదునుగా మడతపడిన చోట రక్తప్రవాహం తగ్గి, ఒకవైపు చేయి కాలు కాసేపు పడిపోవడం, ఒక కంటికి తెరపడినట్టయి మళ్లీ కనబడడం, తల తిప్పినప్పుడల్లా స్పృహ తప్పినట్టవడం లాంటివి కొద్దిమందికి రావచ్చు. అలాంటి లక్షణాలున్నవాళ్లను రెండు గుంపులు చేసి ఇటలీలో జరిపిన పరీక్ష ఫలితాలు 2005లో వచ్చాయి. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకే మేలు జరిగిందని అందులో తేలింది. ఈ లక్షణాలున్నవాళ్లు మెడ తోమించుకుంటూ కూర్చోకుండా న్యూరాలజిస్టుకు, రక్తనాళాల సర్జనుకు చూపించుకోవాలి.

రిపోర్టులు రాసే, వివరించే డాక్టర్లకు ఈ సభ మనవి ఏమంటే, మెలిక ఉందన్న వాక్యంతో ఆపకండి. కొవ్వు పేరుకుందా, పేరుకుంటే ఎంత మేర దారి మూసుకుంది, మెలిక ఏ రకం అన్న మూడూ తెలుగులో రెండు ముక్కల్లో చెప్పి పంపండి. వంపు దగ్గర రక్తం వేగం మామూలుగానే పెరిగి కనిపిస్తుంది. సెకనుకు 125 సెంటీమీటర్లు దాటితే సగం మూసుకుపోయిందని లెక్కగట్టే పద్ధతిని వంపు మీద గుడ్డిగా వర్తింపజేస్తే, లేని సన్నబాటు ఉన్నట్టు వస్తుంది. ఇది మీకు తెలియనిది కాదు. కానీ ఆ అంకె చూసి బస్సెక్కి హైదరాబాదుకో బెంగళూరుకో పోయేది మా ఇళ్లవాళ్లు.

రిపోర్టు ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. భయం పోయింది కదా అని కాగితాన్ని పారేయవద్దు. గొంతులో టాన్సిల్స్ తీయించుకోవాల్సి వచ్చినా, గొంతు వెనక చీము తీయాల్సి వచ్చినా ఆ డాక్టరుకు ముందే చూపించాలి. మెలిక తిరిగిన ధమని ఒక్కోసారి గొంతు గోడకు ఆనుకునే ఉంటుంది, తెలియకుండా కత్తి తగిలితే ప్రాణానికే ముప్పు. పక్షవాతం వచ్చినప్పుడు తొడ దగ్గర నుంచి తీగ పంపి గడ్డ లాగే డాక్టరుకూ దారి ఎంత వంకరగా ఉందో ముందే తెలిస్తే పని సులువవుతుంది. ఒక్క చోట కాకుండా ఒంట్లో చాలా నాళాలు మెలికలు తిరిగి ఉన్నాయని పిల్లల్లో తేలితే, అది జన్యులోపం కావచ్చు. ఆర్టీరియల్ టార్చువాసిటీ సిండ్రోమ్ అనే ఆ జబ్బు చాలా అరుదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడుతుంది. మేనరికాలున్న మన సీమలో అలాంటి పిల్లలను ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రిలో జన్యు నిపుణులకు చూపించాలి.

సభలో అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నది రక్తపోటు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ, ఒంట్లో బాగున్నా సరే, ఏడాదికి ఒకసారైనా బీపీ చూపించుకోవాలని ఈ సభ తీర్మానిస్తోంది. చూసే పద్ధతి కూడా సరిగ్గా ఉండాలి. సంతలో నుంచి, చేను నుంచి పరుగున వచ్చి, బీడీ ఆర్పి, టీ గ్లాసు పక్కనబెట్టి చేయి చాపితే వచ్చే అంకె పనికిరాదు. బీడీ, టీ మానిన అరగంట తర్వాత, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, కాళ్లు నేలకు ఆనించి, చేయి గుండె ఎత్తులో పెట్టుకుని, మాట్లాడకుండా చూపించుకోవాలి. లావు చేతులకు పెద్ద పట్టీ వాడాలి. వేర్వేరు రోజుల్లో చూసినా 140, 90 దగ్గరో పైనో ఉంటే డాక్టరు చెప్పిన మాత్ర మొదలుపెట్టాలి. అంకె తగ్గిందని మాత్ర ఆపకూడదు. అంకె తగ్గింది మాత్ర వల్లే.

మాత్ర మానడానికి మన దగ్గర ఉన్న పెద్ద కారణం నిర్లక్ష్యం కాదు, సుగ్గి. వాన పడని ఏడు, పడినా పంట చేతికి రాని ఏడు, సంక్రాంతి దాటగానే కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయ కోతకు పోతాయి. హైదరాబాదుకు, బెంగళూరుకు బేల్దారి పనులకు పోయేవాళ్లు వేరే. ఇళ్లలో ముసలివాళ్లు ఒక్కరే మిగులుతారు, లేదంటే వాళ్లూ పిల్లలను చూసుకోవడానికి వెంట పోతారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే అమ్లోడిపిన్ అనే బీపీ మాత్రలు నెలకు సరిపడా చేతికి వస్తాయి. ఆ నెల చేలగట్టు మీద గుడారంలోనే అయిపోతుంది. పరాయి ఊళ్లో కూలి మానుకుని ఏ ఆసుపత్రికి పోవాలో తెలియదు, చీటీ ఇంటి దగ్గరే ఉండిపోతుంది, ఉగాది దాకా మాత్ర ఉండదు. తిరిగొచ్చాక బీపీ చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. కొందరు నోరు వంకరపోయి తిరిగొస్తారు.

కాబట్టి సుగ్గికి పోయే కుటుంబాల్లో బీపీ, షుగరు ఉన్నవాళ్లకు బయల్దేరే ముందే మూడు నెలల మందులు ఒక్కసారే ఇవ్వాలని కర్నూలు జిల్లా వైద్య ఆరోగ్య శాఖను, కోడుమూరు ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులను ఈ సభ కోరుతోంది. దాంతోపాటు తడవని ప్లాస్టిక్ కవరులో ఒక కార్డు ఇవ్వాలి. మందు పేరు, మోతాదు, చివరిసారి చూసిన బీపీ తెలుగులో రాసి ఉంటే ఏ జిల్లా ఆరోగ్య కేంద్రంలోనైనా చూపించుకోవచ్చు. సుగ్గి మేస్త్రీలు తమ గుంపులో ఎవరికి మందులున్నాయో ఒక చీటీ మీద రాసి పెట్టుకోవాలని, వారానికి ఒకసారి అడగాలని కూడా సభ కోరుతోంది. ఇందుకు సభలో ఉన్న మేస్త్రీలు ఒప్పుకున్నారు. ఆశా కార్యకర్తలు సంక్రాంతికి ముందే ఎవరెవరు పోతున్నారో రాసి ఆసుపత్రికి అందజేస్తామన్నారు.

ఊరందరికీ ఉచితంగా మెడ డాప్లర్ స్కాన్ శిబిరం పెట్టించాలని ఒక ప్రతిపాదన వచ్చింది. చందాలు ఇస్తామని ముందుకొచ్చినవాళ్లూ ఉన్నారు, వాళ్ల మనసు మంచిది. చర్చ తర్వాత సభ ఆ ప్రతిపాదనను పక్కనపెట్టింది. ఏ లక్షణమూ లేనివాళ్లందరికీ మెడ నాళాల స్కాన్ వద్దని అమెరికాలోని ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2014లోనూ, మళ్లీ 2021లోనూ చెప్పింది; మేలు కంటే అక్కర్లేని భయం, అక్కర్లేని ఆపరేషన్లు ఎక్కువవుతాయన్నది కారణం. మన దేశంలో మెడ నాళాల కంటే పుర్రె లోపలి నాళాలు సన్నబడి పక్షవాతం వచ్చేవాళ్లే ఎక్కువ. మెడకు తీసే డాప్లర్‌లో ఆ నాళాలు కనబడనే కనబడవు. స్కాన్ బాగుందని ధైర్యపడి మాత్ర మానేసే మనిషికి అది మేలు చేయదు. ఆ చందా డబ్బుతో మంచి రకం డిజిటల్ బీపీ మిషన్లు కొని, ఊళ్లో నాలుగైదు చోట్ల, ముఖ్యంగా మందుల షాపుల దగ్గరా మగ్గాల వీధుల్లోనూ పెట్టాలని, వాటిని ఏడాదికోసారి సరిచూపించాలని సభ తీర్మానించింది. ఈ ఒక్క తీర్మానం ఏకగ్రీవం కాదు, మెజారిటీ మీద నెగ్గింది.

ఉప్పు గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు చాలంటోంది. అంటే చిన్న చెంచాకు మించకూడదు. ఆ చెంచాలోనే కూరలో వేసేది, బుడ్డల చట్నీలోది, ఊరగాయలోది, ఊరమిరపకాయలోది, పొద్దున ఉగ్గాని మీదికి నంజుకునే బజ్జీలోది, సాయంత్రం మజ్జిగలో చిటికెడు, అన్నీ ఇమడాలి. ఎవరి ఇంటి వంటనూ తప్పుపట్టే ఉద్దేశం సభకు లేదు. ఎండలో చెమటోడ్చే మనిషికి ఉప్పు ఎక్కువ కావాలన్న మాట వాస్తవం కంటే చాలా ఎక్కువగా ప్రచారంలో ఉంది. పచ్చడి రోజూ కాక రోజు విడిచి రోజు, అన్నంలో పైఉప్పు పూర్తిగా మానడం, ఈ రెండింటితో మొదలుపెట్టాలని ఇంటి వంట చూసే ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి ఒప్పుకున్నారు. మన జొన్నరొట్టె పిండిలో ఉప్పు అక్కర్లేదు, దాన్ని అలాగే ఉంచుకుందాం. బీడీ, ఖైనీ, గుట్కా మానాలని మళ్లీ వేరే చెప్పాల్సిన పని లేదు గానీ, పెళ్లిళ్లలో దేవర్లలో పళ్లెంలో పెట్టి సిగరెట్లు పంచే అలవాటును ఈ సభకు వచ్చిన కుటుంబాలు తమ ఇళ్లలో ఆపుతామని మాట ఇచ్చాయి.

మెడ విరిచే అలవాటు మీద వాడిగా చర్చ జరిగింది. క్షవరం అయ్యాక గడ్డం, తల పట్టుకుని అటూ ఇటూ ఒక్కసారి తిప్పి టక్కుమనిపిస్తే హాయిగా ఉంటుందని చాలామంది అడిగి చేయించుకుంటారు. మెడపూసల రంధ్రాల గుండా పోయే వెర్టిబ్రల్ ధమని అలా హఠాత్తుగా తిప్పినప్పుడు లోపలిపొర చీలే ప్రమాదం ఉంది. చీలిన చోట రక్తం గడ్డకట్టి మెదడు వెనుకభాగానికి పక్షవాతం వస్తుంది, అది కుర్రవాళ్లకూ వస్తుంది. మెలికలు తిరిగిన నాళాలున్నవాళ్లలో ఇలాంటి చీలికలు ఎక్కువగా కనబడ్డాయని అధ్యయనాలు చెబుతున్నాయి. తలను వెనక్కి వాల్చి ఎక్కువసేపు ఉంచినా ముప్పే. 2022లో హైదరాబాదులో బ్యూటీపార్లర్‌లో తల స్నానం చేయించుకుంటుండగా 50 ఏళ్ల మహిళకు తలతిరుగుడు, వాంతులు మొదలై, అది పక్షవాతమని తేలిన సంగతి పత్రికల్లో వచ్చింది. ఇలా జరగడం అరుదు. అరుదైనా, ఏ లాభమూ లేని పనికి ఆ మాత్రం ముప్పు కూడా ఎందుకని సభ అడుగుతోంది. అందువల్ల మన ఊరి సెలూన్లలో మెడ విరవడం ఆపాలని తీర్మానించాం. ఇందులో సెలూన్లు నడిపే అన్నదమ్ముల తప్పు లేదు, అడిగేది గిరాకీలే. ఇకపై ఎవరైనా అడిగితే “వద్దన్నా, సభలో ఒప్పుకున్నాం” అని చెప్పే హక్కు వాళ్లకు ఈ తీర్మానం ఇస్తోంది.

పక్షవాతం గుర్తులు ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి: నోరు ఒకవైపు జారడం, ఒక చేయి ఎత్తలేకపోవడం, మాట తడబడడం, ఉన్నట్టుండి చూపు మసకబారడం లేదా నడక తూలడం. ఇందులో ఏ ఒక్కటి కనబడినా గడియారం చూసి టైము గుర్తుపెట్టుకుని 108కి ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అదీ ముందు సీటీ స్కాన్ తీసి మెదడులో రక్తం చిట్లలేదని తేలాకే. కర్నూలు మనకు నలభై కిలోమీటర్ల లోపే. దూరం వల్ల పోయే టైము తక్కువ. తెల్లారేదాకా చూద్దామనుకోవడం, నోట్లో నాటు మందు పోయడం, ఊళ్లు పట్టుకుని తిరగడం, వీటివల్ల పోయేదే ఎక్కువ. మాట పడిపోయినవాళ్లకు గొంతులో మింగే శక్తి కూడా పోయి ఉండొచ్చు. మందైనా మంచినీళ్లైనా నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకని ఆసుపత్రి చేరేదాకా నోట్లో ఏమీ పోయకూడదని ఈ సభ గట్టిగా తీర్మానిస్తోంది. రాత్రీ పగలూ ఏ వేళలో పోయినా సీటీ స్కాన్, ఆ ఇంజెక్షన్ అందేలా చూడాలని కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల అధికారులను కోరుతోంది. పక్షవాతం నుంచి లేచినవాళ్లకు వారానికి ఒక రోజైనా కోడుమూరులోనే ఫిజియోథెరపీ దొరకాలని కోరుతోంది.

అంగన్‌వాడీ కార్యకర్తలు పెట్టిన ఒక మాటను చివరిగా చేర్చాం. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు దగ్గరి 29 ఊళ్లలో ఒక అధ్యయనం జరిగింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చారు, కొన్నింటిలో ఇవ్వలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక పరీక్షిస్తే, ఆహారం అందిన ఊళ్ల పిల్లల ధమనుల్లో బిరుసుతనం కాస్త తక్కువగా ఉందని 2008లో ప్రచురించారు. రక్తనాళం సాగే గుణం తల్లి కడుపులో, బాల్యంలో తయారవుతుందని పైన చెప్పుకున్నాం. కరువు సీమలో గర్భిణికి ఇచ్చే గుడ్డు, పాలు అరవై ఏళ్ల తర్వాతి బీపీ కోసం కూడా ఇచ్చేవే. సుగ్గికి పోయిన గర్భిణులకు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి అంగన్‌వాడీలోనే ఆహారం అందేలా చూడాలని స్త్రీ శిశు సంక్షేమ శాఖను ఈ సభ కోరుతోంది.

ఈ తీర్మానం ప్రతులను జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి, కోడుమూరు ప్రభుత్వ ఆసుపత్రికి, కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల సూపరింటెండెంటుకు, స్త్రీ శిశు సంక్షేమ శాఖకు, మండలంలోని అన్ని పంచాయతీలకు పంపాలి. ఒక ప్రతిని బస్టాండులో, ఒకదాన్ని ప్రతి సెలూన్‌లో, ఒకదాన్ని బీపీ మిషన్ పెట్టిన ప్రతిచోటా అంటించాలి. మూడు నెలల మందుల సంగతి ఏమైందో తేల్చుకోవడానికి సంక్రాంతికి పదిహేను రోజుల ముందు సభ మళ్లీ కూడుతుంది. అప్పటిలోగా సుగ్గికి పోయేవాళ్ల పేర్ల పట్టీని ఆశా కార్యకర్తలు, మేస్త్రీలు కలిసి సిద్ధం చేయాలి.